కుటుంబమంతా కలిసి కేకు పోటీకి దిగాలనుకుంటే

నలుగురూ కలిసి జరుపుకునే బేకింగ్ పోటీల్లో ఎవరు ముందుంటారన్నది చాలాసార్లు కోసిన ముక్క లోపలి గుల్ల, అంటే సన్నటి రంధ్రాల మెత్తని అల్లిక, తేల్చేస్తుంది. అలంకరణ జడ్జీలను బల్ల దగ్గరికి రప్పిస్తుంది. మార్కులు పడేది ముక్క నోట్లో పెట్టుకున్నాకే. అందుకే కుటుంబంగా పాల్గొనాలనుకునేవాళ్ళకు నేను చెప్పేది ఒకటే: సాదా కేకు ఒకటి ఎంచుకోండి, పోటీ దాకా దాన్నే మళ్ళీ మళ్ళీ చేయండి, ప్రతిసారీ ఎవరి పని వాళ్ళే చేయండి. పోటీ నాటికి ఇంట్లో ఎవరూ "తర్వాతేం చెయ్యాలి?" అని అడగక్కర్లేని స్థితికి రావాలి. నాలుగు వారాలు చేతిలో ఉంటే హాయిగా సరిపోతుంది. రెండు వారాలే ఉన్నా చేయొచ్చు, కాకపోతే ప్రయోగాలకు చోటుండదు.

నిబంధనల కాగితంతో మొదలుపెట్టండి

కేకు ఎంత బాగా కుదిరినా ఒక్క నిబంధన తప్పితే ఆ ప్లేటు పక్కన పెట్టేస్తారు. కాబట్టి సామాన్లు కొనకముందే అందరూ కూర్చుని ఆ కాగితాన్ని గట్టిగా చదవండి. ఒకరు చదువుతుంటే ఇంకొకరు అనుమానాలు రాసుకోవాలి. పిల్లలు చాలా సూటి ప్రశ్నలు అడుగుతారు, వాటిని కొట్టిపారేయకండి.

ముందు తేల్చుకోవాల్సింది విభాగం. కుటుంబాలకు విడిగా విభాగం ఉందా, లేక ఒక్కరి పేరు మీదే ఎంట్రీ ఇవ్వాలా? పిల్లల విభాగమైతే పెద్దలు ఎంతవరకు చేయి వేయొచ్చు? కొన్నిచోట్ల ఓవెన్ దగ్గర మాత్రమే పెద్దల సాయం ఒప్పుకుంటారు. కేకు ఇంట్లో చేసి తేవాలా, అక్కడే చేయాలా అన్నది రెండో ప్రశ్న. అక్కడే చేయాలంటే వాళ్ళ ఓవెన్ ఎలాంటిది, ఒక్కో కుటుంబానికి ఎంత సమయం ఇస్తారు అన్నది కనుక్కోండి. ఈ వ్యాసంలో ఇంట్లో చేసి తీసుకెళ్ళే పోటీ గురించే మాట్లాడుతున్నాను, ఎక్కువగా జరిగేది అదే.

రెడీమేడ్ కేక్ మిక్స్ వాడొచ్చా, కొన్న ఐసింగ్ ఒప్పుకుంటారా, కేకు మొత్తం తేవాలా, ఇన్ని ముక్కలని లెక్క ఉందా, ప్లేటు ఎలాంటిది ఉండాలి, కేకు మీద గానీ ప్లేటు మీద గానీ పేరు ఉండొచ్చా అన్నవి కూడా చూడండి. ఎంట్రీ ఎవరిదో జడ్జీలకు తెలియకూడదన్న నియమం ఉన్నచోట కేకు మీద మీ ఇంటిపేరు రాస్తే అనర్హులైపోతారు. ఇక ఫ్రిజ్ సంగతి. ప్లేట్లు గంటల తరబడి బల్ల మీదే ఉండే పోటీల్లో పాలమీగడ, కస్టర్డ్, క్రీమ్ చీజ్ లాంటివి నిషేధిస్తారు. అది సరైన నియమం. త్వరగా పాడయ్యే పదార్థాలు 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటే వాటిలో సూక్ష్మక్రిములు వేగంగా పెరుగుతాయి, రెండు గంటలకు మించి బయట ఉంచకూడదు.

అర్థం కానిది నిర్వాహకులను రాతపూర్వకంగా అడగండి. ఆ జవాబును నిబంధనల కాగితంతోపాటే దాచండి.

ఏ కేకు?

ఇంట్లో ఈ చర్చ మొదలైతే ఒకరు మూడంతస్తుల కేకంటారు, ఇంకొకరు ఎక్కడో చూసిన అద్దంలా మెరిసే గ్లేజ్ అంటారు. ఆ ఉత్సాహం మంచిదే. పోటీకి మాత్రం మూడు పరీక్షలు పెట్టండి. బయట నాలుగైదు గంటలున్నా రుచి, ఆకారం మారకూడదు. బండిలో కుదుపులకు తట్టుకోవాలి. ఇంట్లో చిన్నవాళ్ళకు కూడా నిజమైన పని దొరకాలి. ఈ మూడింటికీ నిలబడేది వెన్న కేకు. అది చేసిన రోజుకంటే మర్నాడు ఇంకా బాగుంటుంది కూడా: తేమ లోపలంతా సమంగా సర్దుకుంటుంది, వాసన కుదురుకుంటుంది, కత్తికి పొడిపొడిగా రాలకుండా శుభ్రంగా తెగుతుంది.

ఈ కేకులో దాక్కోవడానికి చోటుండదని కొందరు జంకుతారు. ఐసింగ్ లేదు కాబట్టి పొరపాటు ఏదైనా ఇట్టే కనిపిస్తుందన్నది నిజమే. అందుకే బాగా కుదిరితే జడ్జీలకు వెంటనే తెలుస్తుంది కూడా.

మైదా, వెన్న, పంచదార, గుడ్లు సమాన బరువులో వేసే పాత లెక్కే ఆధారం. 8 అంగుళాల గుండ్రటి టిన్నుకి తలా 200 గ్రాములు తీసుకోండి. గుడ్లు పెంకు తీశాక 200 గ్రాములుండాలి. పెద్ద గుడ్డు పెంకు లేకుండా 50 గ్రాముల దాకా తూగుతుంది కాబట్టి నాలుగు పడతాయి. ఒకటిన్నర టీస్పూన్ల బేకింగ్ పౌడర్, పావు టీస్పూన్ ఉప్పు, రెండు టేబుల్ స్పూన్ల పాలు, ఒక టీస్పూన్ వెనిల్లా లేదా ఒక నిమ్మకాయ తొక్క తురుము. ఉప్పులేని వెన్న వాడితే ఉప్పు మీ అదుపులో ఉంటుంది. పంచదార పలుకులు లావుగా ఉంటే మిక్సీలో ఒక్కసారి తిప్పండి, పొడి చేసేయకండి. ఆ పలుకులతో పనుంది, కింద చెబుతాను.

"తీపి తగ్గిద్దాం" అన్న మాట ఏ ఇంట్లోనైనా వస్తుంది. 180 గ్రాముల దాకా దిగొచ్చు. అంతకంటే తగ్గిస్తే తీపి ఒక్కటే పోదు: తేమను పట్టి ఉంచేదీ, పైన బంగారు రంగు తెచ్చేదీ, గుల్లను మెత్తగా ఉంచేదీ ఆ పంచదారే. కేకు ఎండిపోయి పాలిపోతుంది.

గుడ్డు లేని విభాగమైతే ఈ కొలతల్లోంచి గుడ్లు తీసేసి సర్దుకుందామనుకోవద్దు. నిలబెట్టే పని గుడ్డుదే. పెరుగు, వంటసోడాతో చేసే కేకు వేరే వంటకం, దాన్ని దానిలాగే మొదటి నుంచీ సాధన చేయాలి. వంటసోడాకు పుల్లటి పదార్థం జత ఉండాలి, లేకపోతే సబ్బు రుచి మిగులుతుంది.

ఎవరికి ఏ పని

కుటుంబ ఎంట్రీలు చాలా వరకు ఇక్కడే గాడి తప్పుతాయి. ఒకరే అంతా చేసి, మిగిలినవాళ్ళు ఫొటోకి నిలబడితే అది కుటుంబం చేసిన కేకు అవదు. అలాగని అందరూ ఒకే గిన్నె చుట్టూ మూగితే పిండి ఎక్కువ కలిసిపోతుంది, ఉప్పు రెండుసార్లు పడుతుంది.

పనులను చేతుల సత్తాను బట్టి పంచండి, ఇంట్లో స్థానాన్ని బట్టి వద్దు. నాలుగైదేళ్ళ పిల్లలు టిన్నుకి వెన్న రాయగలరు, బటర్ పేపరును టిన్ను అడుగున పరిచి చేత్తో నొక్కగలరు. ఆరు నుంచి ఎనిమిదేళ్ళ వాళ్ళకు తూకం అప్పగించండి. డిజిటల్ కాటా మీద 198, 199, 200 అని అంకె ఎక్కుతుంటే ఆ వయసు పిల్లలంత శ్రద్ధగా పెద్దవాళ్ళు చూడరు. గుడ్లు పగలగొట్టడం కూడా వాళ్ళు నేర్చుకోవచ్చు, ఒక్కో గుడ్డూ విడి గిన్నెలో కొట్టి చూశాకే పెద్ద గిన్నెలో పోయాలి. తొమ్మిది, పదేళ్ళు దాటితే వెన్న గిలకొట్టడం, జల్లించడం, టైమర్ చూడటం. టీనేజీ పిల్లలకు నోట్‌బుక్ ఇవ్వండి. ఏ రోజు ఏం మార్చాం, ఎన్ని నిమిషాలు పట్టింది, ఎలా వచ్చింది అన్న లెక్క వాళ్ళదే. ఓవెన్, కత్తి పెద్దవాళ్ళ చేతిలోనే ఉండాలి. ఇంట్లో అమ్మమ్మ, తాతయ్య ఉంటే రుచి తేల్చడం వాళ్ళకు వదిలేయండి. ఎన్నో ఏళ్ళుగా తింటూ వచ్చిన అనుభవం వాళ్ళది.

ఒక్క విషయంలో గట్టిగా ఉండండి. పిల్లలు చేసిన పనిని వాళ్ళు అటు తిరగ్గానే సరిచేయకండి. పేపరు వంకరగా పరిస్తే పిలిచి చూపించి వాళ్ళతోనే మళ్ళీ పరిపించండి. చాటుగా దిద్దితే ఆ బిడ్డకు తెలిసిపోతుంది, తర్వాతి వారం నుంచి ఆ పని మీద మనసు పెట్టదు.

పచ్చి పిండి నాకడం మాత్రం ఎవరికీ వద్దు. పచ్చి గుడ్లలో సాల్మొనెల్లా అనే క్రిమి ఉండొచ్చని చాలామందికి తెలుసు. మైదా కూడా ఉడకని సరుకే, అందులోనూ ఇ-కొలై లాంటి క్రిములు ఉండే అవకాశముంది. గరిటె నాకే ఆనందానికి బదులు పిల్లలకు కేకు అంచు ముక్క ఇవ్వండి.

అభిప్రాయ భేదాలు వస్తాయి. నిమ్మ తొక్కా, వెనిల్లానా అని గొడవైతే రెండూ చేసి, ముక్కలకు అ, ఆ అని చీటీలు పెట్టి, ఏది ఏదో చెప్పకుండా అందరికీ తినిపించి చీటీల మీద ఓటు వేయించండి. గట్టిగా మాట్లాడేవాళ్ళ మాటే నెగ్గే ఇళ్ళలో ఈ పద్ధతి చిన్నవాళ్ళకు ఎంతో న్యాయం చేస్తుంది.

ముందు మీ ఓవెన్‌ను చదవండి

మొదటి కేకు చేయకముందే చేయాల్సిన పని ఇది. ఓవెన్ మీద అంకె 180 చూపిస్తుంటే లోపల 165 ఉండొచ్చు, 200 ఉండొచ్చు. ఓవెన్‌లో పెట్టే చిన్న థర్మామీటర్ ఒకటి కొని మధ్య అరలో పెట్టండి. సిద్ధమైందన్న దీపం ఆరాక కూడా ఇంకో పది, పదిహేను నిమిషాలు ఆగండి. దీపం చెప్పేది గాలి వేడెక్కిందనే. గోడలు, అర కూడా వేడెక్కితేనే తలుపు తీసి మూసినా వేడి నిలబడుతుంది. థర్మామీటర్ ఎంత తేడా చూపిస్తే అంత డయల్ మీద సర్దుకుని, ఆ లెక్క నోట్‌బుక్ మొదటి పేజీలో రాయండి.

ఏ మూల ఎక్కువ కాలుతుందో తెలియాలంటే అర నిండా బ్రెడ్ ముక్కలు పరిచి 180 డిగ్రీల్లో పది నిమిషాలు ఉంచండి. నల్లబడ్డ ముక్కలు ఎక్కడున్నాయో చూస్తే ఓవెన్ స్వభావం కళ్ళకు కడుతుంది. ఫొటో తీసి పెట్టుకోండి. వెనక కుడి మూల వేడిగా ఉందని తెలిస్తే కేకు మూడు వంతుల్లో రెండు వంతులు కాలాక టిన్నును ఒకసారి తిప్పి పెట్టొచ్చు. అంతకు ముందు మాత్రం తలుపు తీయకండి. మధ్యభాగం గట్టిపడకముందే చల్లగాలి తగిలితే పొంగినదంతా కూలిపోతుంది.

ఫ్యాన్ తిరిగే ఓవెన్ అయితే వేడి 15 నుంచి 20 డిగ్రీలు తగ్గించండి. నల్లటి టిన్ను వేడిని ఎక్కువ లాక్కుంటుంది కాబట్టి దానికి ఇంకో 10 డిగ్రీలు తగ్గించినా తప్పులేదు. బల్ల మీద పెట్టుకునే చిన్న ఓవెన్‌లో పై కడ్డీలు కేకుకు బాగా దగ్గరగా ఉంటాయి. అర ఒక మెట్టు కిందికి దించి, పైన రంగు పట్టాక ఫాయిల్ వదులుగా కప్పండి.

టిన్ను కొలత చిన్న విషయంలా కనిపిస్తుంది. 8 అంగుళాల గుండ్రటి టిన్ను వైశాల్యం సుమారు 50 చదరపు అంగుళాలు, 9 అంగుళాలదైతే సుమారు 64. అంగుళం మారితే నాలుగో వంతుకు పైగా తేడా! ఒకే పిండిని పెద్ద టిన్నులో పోస్తే కేకు పల్చబడి ఎండిపోతుంది. సాధన చేసిన టిన్నుతోనే పోటీకి వెళ్ళండి. పిండి టిన్నులో మూడింట రెండు వంతులకు మించకూడదు.

చేసే విధానం

అన్నీ తూకం వేసి గిన్నెల్లో వరసగా పెట్టుకున్నాకే బీటర్ ముట్టుకోండి. కప్పులతో కొలవద్దు. చెంచాతో వదులుగా నింపితే కప్పు మైదా 120 గ్రాములు, డబ్బాలో ముంచి తీస్తే 150 దాకా వస్తుంది. ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కో రోజు కొలిస్తే ఏ కేకూ ఇంకో కేకులా రాదు.

వెన్న, గుడ్లు, పాలు గది వేడికి రావాలి. వెన్న 18 నుంచి 20 డిగ్రీల దగ్గర ఉండాలి. వేలితో నొక్కితే సొట్ట పడాలి, వేలికి నూనె అంటకూడదు. కరిగి జారుతున్న వెన్న గాలిని పట్టుకోలేదు. ఎండాకాలం అయితే గది వేడి అంతకంటే ఎక్కువే ఉంటుంది, అప్పుడు వెన్నను ఫ్రిజ్‌లోంచి కాస్త ఆలస్యంగా తీయండి. గుడ్లు చల్లగా ఉంటే పెంకుతోనే గోరువెచ్చని నీళ్ళలో పది నిమిషాలు ఉంచండి.

ఇప్పుడు అసలు పని. వెన్న, పంచదార కలిపి గిలకొట్టేటప్పుడు పంచదార పలుకుల పదునైన అంచులు వెన్నను కోసుకుంటూ వెళ్ళి లక్షల గాలి బుడగలను అందులో ఇరికిస్తాయి. పలుకులను పొడి చేయొద్దన్నది అందుకే. బేకింగ్ పౌడర్ కొత్త బుడగలు పుట్టించదు, ఉన్న బుడగల్లోకి గ్యాస్ నింపి పెద్దవి చేస్తుంది. కాబట్టి ఇక్కడ చేయి తొందరపడితే తర్వాత ఎంత బేకింగ్ పౌడర్ వేసినా కేకు దిట్టంగానే ఉంటుంది. బీటర్‌తో మధ్య వేగంలో నాలుగైదు నిమిషాలు పడుతుంది. పసుపు రంగు వెన్న నెమ్మదిగా పాలిపోయి మీగడ రంగుకు వస్తుంది, గిన్నె అంచులకు పీచులా అంటుకుంటుంది, బీటర్ చప్పుడు కూడా బరువు తగ్గి మెత్తబడుతుంది. మధ్యమధ్యలో ఆపి, గిన్నె అడుగు నుంచి గరిటెతో గీకి పైకి తేవాలి. ఆ పని చేసే పిల్లలకు "ఎన్ని నిమిషాలు" అని కాకుండా "ఈ రంగు వచ్చేదాకా" అని చూపించండి. మొదటిసారి సరిగ్గా కుదిరినప్పుడు ఫొటో తీసి వంటింట్లో అంటించుకోండి.

గుడ్లను గిలకొట్టి నాలుగైదు విడతలుగా పోయండి. ప్రతి విడతా పూర్తిగా కలిశాకే తర్వాతిది. విరిగినట్టు కనిపిస్తే కంగారొద్దు, తూచి పెట్టిన మైదాలోంచి ఒక చెంచా వేసి కలిపితే సర్దుకుంటుంది.

మైదా, బేకింగ్ పౌడర్, ఉప్పు కలిపి జల్లించి, మూడు విడతలుగా వేయండి, మధ్యలో పాలు. ఇక్కడి నుంచి బీటర్ పక్కన పెట్టి గరిటెతో అడుగు నుంచి పైకి మడతపెట్టినట్టు కలపాలి. మైదా తడిస్తే గ్లూటెన్ అనే సాగే ప్రొటీన్ పుడుతుంది, కలిపే కొద్దీ అది బలపడుతుంది. రొట్టెకు అది బలం, కేకుకు అదే శత్రువు. పొడి మైదా చారలు కనిపించడం ఆగగానే చేయి తీసేయండి. ఇంట్లో అందరూ "నేనూ ఒకసారి తిప్పుతా" అనే చోటు ఇదే, అందుకే ఈ పని ఎప్పుడూ ఒక్కరిదే ఉండాలి.

170 డిగ్రీల్లో 45 నుంచి 55 నిమిషాలు. 40వ నిమిషం నుంచి చూడటం మొదలుపెట్టండి. మధ్యలో గుచ్చిన టూత్‌పిక్‌కు తడి పిండి అంటకూడదు, ఒకటి రెండు రేణువులు అంటితే పరవాలేదు. అంచులు టిన్నును కొద్దిగా వదులుతాయి, వేలితో తట్టితే పైభాగం మళ్ళీ లేస్తుంది. చెవి దగ్గర పెట్టి వింటే పచ్చిగా ఉన్న కేకు సన్నగా బుసబుసలాడుతుంది, ఉడికే కొద్దీ ఆ చప్పుడు తగ్గుతుంది. గుచ్చి చూసే థర్మామీటర్ ఉంటే నడిమధ్య 96 నుంచి 98 డిగ్రీలు చూపించాలి. నాకు అన్నిటికంటే నమ్మకమైన గుర్తు ఇదే.

టిన్నులోనే పదిహేను నిమిషాలు ఉంచి, జాలీ మీదకు బోర్లించండి. టిన్నులోనే చల్లారబెడితే ఆవిరి కిందకు దిగి అడుగు తడిసిపోతుంది.

సాధన వారాలు

వారానికి ఒక కేకు చాలు, తీరిక ఉంటే రెండు. నియమం ఒక్కటి: ఒకసారికి ఒక్కటే మార్చండి. వేడీ తగ్గించి, పాలూ పెంచి, టిన్నూ మారిస్తే కేకు బాగా వచ్చినా ఎందుకు వచ్చిందో తెలియదు.

ప్రతి కేకునూ నిలువుగా కోసి ముక్కను వెలుతురుకు పట్టి చూడండి. చెప్పాల్సిందంతా ఆ ముక్కే చెబుతుంది. మధ్యలో గుంట పడిందంటే ఉడకకముందే తీశారు, లేదా తలుపు తొందరగా తెరిచారు, లేదా బేకింగ్ పౌడర్ ఎక్కువైంది. పైన కొండలా లేచి పగిలితే ఓవెన్ వేడి ఎక్కువ: అంచులు ముందే గట్టిపడ్డాయి, ఇంకా పచ్చిగా ఉన్న మధ్యభాగం పైకి తన్నుకొచ్చింది. కింద నుంచి పైకి సొరంగాల్లాంటి రంధ్రాలుంటే మైదా వేశాక ఎక్కువ కలిపారు. అడుగున ముద్దలాంటి గట్టి చార ఉంటే గుడ్లు విరిగినప్పుడు సర్దలేదు, లేదా మధ్య పచ్చిగా మిగిలింది. లోపలంతా దిట్టంగా ఉంటే మళ్ళీ వెన్న గిలకొట్టే దగ్గరికి వెళ్ళాలి, దాంతోపాటు బేకింగ్ పౌడర్‌ను కూడా పరీక్షించండి. వేడినీళ్ళలో అర చెంచా వేస్తే వెంటనే జోరుగా నురగ రావాలి. సముద్రమట్టానికి వెయ్యి మీటర్లకు పైన ఉన్నవాళ్ళ కేకులు గాలి ఒత్తిడి తక్కువ కావడం వల్ల త్వరగా పొంగి కూలుతుంటాయి. వాళ్ళు బేకింగ్ పౌడర్ కాస్త తగ్గించి చూడాలి.

ఆఖరి సాధన అచ్చంగా పోటీలాగే జరగాలి. ముందురోజు చేసి, మర్నాడు కోసి, ప్లేటులో పెట్టి, బండిలో ఒక చుట్టు తిప్పి తెచ్చి, మూడు గంటలు బల్ల మీద ఉంచి అప్పుడు తినండి. జడ్జీలు తినేది ఆ కేకునే. ఓవెన్ పక్కన వెచ్చగా తిన్న ముక్కను బట్టి నిర్ణయాలు తీసుకోకండి. ఆ వారం దాటాక కొలతలు ముట్టుకోవద్దు, ఎవరు ఎంత మంచి సలహా ఇచ్చినా సరే.

ముందురోజు, పోటీ రోజు

ముందురోజు సాయంత్రానికి కేకు అయిపోవాలి. పూర్తిగా చల్లారాకే, అంటే కనీసం రెండు గంటలయ్యాక, గాలి చొరకుండా చుట్టండి. వెచ్చగా ఉండగా చుడితే చెమట పట్టి పైభాగం జిగటవుతుంది. ఫ్రిజ్‌లో పెట్టకండి. ఆ చల్లదనంలో పిండిపదార్థం త్వరగా గట్టిపడుతుంది, వెన్న కూడా బిగుసుకుంటుంది. బయట, ఎండ తగలని చోట చాలు.

ముక్కలుగా తీసుకెళ్ళాలంటే పళ్ళున్న కత్తిని వేడినీళ్ళలో ముంచి, తుడిచి, నొక్కకుండా రంపంలా కోయండి. ప్రతి కోతకూ ముందు మళ్ళీ తుడవాలి. మధ్య ముక్కలే ప్లేటుకు, అన్నీ ఒకే మందంలో. అలంకరణ అంటే పైన జల్లెడతో చల్లిన పంచదార పొడి చాలు, అదీ అక్కడికి చేరాకే. ముందే చల్లితే తేమకు కరిగి మాయమవుతుంది.

కొలతల కార్డు మీద అన్ని పదార్థాలూ రాయండి, బరువులతో సహా. గోధుమ, పాలు, గుడ్లు విడిగా కనిపించేలా ఉండాలి. గింజలూ నువ్వులూ మీ కేకులో లేకపోయినా అవి వాడిన గిన్నెలోనే చేసి ఉంటే ఆ సంగతీ రాయాలి. ఇవి పడని, అంటే అలర్జీ ఉన్న కొందరికి ఇది ప్రాణం మీదకు తెచ్చే విషయం. మనం వాడే బేకింగ్ పౌడర్ వెనక కూడా ఇలాంటి ఇంటి కథే ఉంది: ఆల్‌ఫ్రెడ్ బర్డ్ అనే ఇంగ్లండ్ రసాయన నిపుణుడి భార్యకు ఈస్టూ గుడ్లూ పడేవి కావు. ఆమె కోసం 1837లో గుడ్లు లేని కస్టర్డ్ పొడి, 1843లో ఈస్టు లేకుండా పొంగించే పొడి తయారు చేశాడాయన.

కేకు డబ్బా అడుగున జారని చాప లాంటిది పరిచి, బండిలో సమతలంగా ఉన్న చోట పెట్టండి. ఒళ్ళో పెట్టుకుంటే ఒరుగుతుంది. వెంట ఒక సంచీలో తడిగుడ్డ, పొడిగుడ్డ, కత్తి, పంచదార పొడి, చిన్న జల్లెడ, అదనపు ప్లేటు, టేపు, పెన్ను, నిబంధనల కాగితం ఉండాలి. ఈ సంచీ సర్దే బాధ్యత ఒక్కరిదే అయితే ఏదీ మరిచిపోరు. అప్పగించే గడువుకు అరగంట ముందే చేరండి.

జడ్జీలతో మాట్లాడే వీలుంటే పిల్లల్ని మాట్లాడనివ్వండి, వాళ్ళు చేసిన పని గురించే. "వెన్న ఎంతసేపు గిలకొట్టావు?" అని అడిగితే "రంగు మారేదాకా" అని పదేళ్ళ పిల్ల చెప్పిందంటే ఆ కేకు ఎవరు చేశారో జడ్జీలకు ఇంకేం చెప్పక్కర్లేదు. జవాబులు బట్టీ పట్టించకండి. మరిచిపోతే పక్కనుంచి అందించనూ వద్దు.

ఫలితాల తర్వాత

మార్కుల షీటు ఇస్తారేమో అడగండి, ఇవ్వకపోతే జడ్జీలతో రెండు మాటలు మాట్లాడే వీలుందా అని అడగండి. బహుమతి వచ్చినా ఇది మానొద్దు. "ఎండినట్టుంది" అన్నారంటే తర్వాతిసారి ఐదు నిమిషాలు ముందు తీసి చూడాలి. "బరువుగా ఉంది" అంటే వెన్న గిలకొట్టడం గానీ మైదా కలపడం గానీ సరిచూడాలి. "రుచి చప్పగా ఉంది" అంటే చాలాసార్లు తక్కువైంది తీపి కాదు, ఉప్పు. ఎవరి పనికి సంబంధించిన మాటో వాళ్ళకు ఇంటికి వెళ్ళాక, ఆకలి తీరాక చెప్పండి, హాల్లో అందరి ముందూ వద్దు. షీటును నోట్‌బుక్‌లో చివరి కేకు పేజీకి అతికించి, వచ్చేసారి మార్చబోయే ఒక్క విషయాన్ని దాని కిందే రాయండి.